చిప్‌కీ రాగికీ మధ్య 50 మైక్రాన్లు

కొన్నేళ్లు గట్టిగా వాడిన గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో ఆటల బొమ్మల్ని తెరమీదికి తెచ్చేది) విప్పి, చిప్ వేడిని లాగేసే రాగి దిమ్మె, అంటే హీట్‌సింక్, పక్కకు తీస్తే తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. చిప్ వేడిని హీట్‌సింక్‌కు దాటించడానికి రెంటి మధ్యా రాసిన బూడిదరంగు పేస్ట్ చిప్ అంచుల వెంట గట్టుకట్టి ఉంటుంది. నడిమధ్యన మాత్రం పొర బాగా పలచబడి, అక్కడక్కడా కింద ఉన్న సిలికాన్ తళతళలాడుతూ బయటపడుతుంది. పేస్ట్ ఎక్కడికీ పోలేదు, ఉండాల్సిన చోట లేదంతే. కొత్తలో చప్పుడే చేయని ఫ్యాన్లు ఇప్పుడు హోరెత్తుతున్నాయంటే, దుమ్ము తర్వాత అనుమానించాల్సింది దీన్నే.

ఆ పొర మీద పడే భారం ఎంతో చూద్దాం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు పూర్తి పనిలో ఉన్నప్పుడు 450 వాట్ల దాకా తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం దాదాపు 6 చదరపు సెంటీమీటర్ల చిప్‌లోనే వేడిగా మారుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి చిప్ వాటా 300 వాట్లే అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు. ఇస్త్రీపెట్టె అడుగున అంతే జాగాకి వచ్చేది సుమారు 5 వాట్లే. పదింతల ఈ వేడంతా చిప్‌లోంచి రాగిలోకి నిరంతరం దాటిపోతూ ఉండాలి.

చిప్ పైభాగం, రాగి అడుగుభాగం రెండూ చేతికి నున్నగానే తగులుతాయి. సూక్ష్మదర్శిని కింద మాత్రం అన్నీ మిట్టపల్లాలే. రెండింటినీ ఎంత బిగించినా నిజంగా తాకేది మిట్టలే, పల్లాల నిండా గాలి. రాగి ఉష్ణవాహకత, అంటే వేడిని మోసే శక్తి, 400 (మీటరు-కెల్విన్‌కు వాట్లలో) అయితే గాలిది 0.026. మధ్యలో 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) మందాన ఒట్టి గాలే ఉంటే, పైన చెప్పిన వేడి దాన్ని దాటడానికి 950 డిగ్రీలకు పైగా తేడా కావాలని లెక్క చెబుతుంది. అంతదాకా రాకముందే కార్డు తనంతట తనే ఆగిపోతుందనుకోండి. అదే మందాన ఉష్ణవాహకత 5 ఉన్న మామూలు పేస్ట్ ఉంటే తేడా 5 డిగ్రీలే. రాగే ఉంటే ఒక డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే పేస్ట్ సంగతి తేలిపోతుంది. గాలితో పోలిస్తే అది ఎంతో మేలు, రాగితో పోలిస్తే ఎందుకూ కొరగాదు. దాని పని గాలిని బయటికి తరిమి ఆ జాగాను తాను నింపడం, అంతకు మించి ఒక్క మైక్రాను కూడా అడ్డం నిలవకుండా ఉండటం. మందం రెట్టింపయితే 5 డిగ్రీల తేడా 10 అవుతుంది. డబ్బా మీద రాసిన ఉష్ణవాహకత అంకె చూసి పేస్ట్ కొనేవాళ్లు పొర ఎంత పలచగా పరుచుకుంటుందో కూడా అంతే శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం. వజ్రపు పొడి కలిపిన పేస్ట్ కూడా వజ్రంలా వేడిని మోయలేదు. ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి వేడి దాటాలంటే పొడిని కలిపి ఉంచే నూనెలోంచే వెళ్లాలి.

పేస్ట్ పాడైతే ‘ఎండిపోయింది’ అంటుంటారు. నూనె విడిపోయి పొడి గట్టిపడటం నిజంగానే జరుగుతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డుల్లో అంతకన్నా పెద్ద సమస్య వేరే ఉంది. వేడెక్కినప్పుడు రాగి సిలికాన్ కన్నా ఆరు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. 25 మిల్లీమీటర్ల చిప్, దాని మీది రాగి 60 డిగ్రీలు వేడెక్కాయనుకుందాం. సిలికాన్ 4 మైక్రాన్లు సాగితే రాగి 25 మైక్రాన్లు సాగుతుంది. పైగా చిప్ కూడా వేడికి కొద్దిగా వంగుతుంది, చల్లారాక మళ్లీ సర్దుకుంటుంది. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఈ కదలిక పేస్ట్‌ను కాస్త కాస్త అంచులకు తోస్తుంది. మామూలు ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది, వేడి అందులో కొంత పరుచుకున్నాకే పేస్ట్ దాకా వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు చిప్‌కి ఆ మూత ఉండదు, అందుకే దెబ్బ నేరుగా పడుతుంది.

అందుకే పలచగా జారే పేస్టుల కన్నా చిక్కటివి ఈ పనిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చినది హనీవెల్ పీటీఎం7950. ఇది పేస్ట్ కాదు, పలచని రేకు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పల్లాల్లోకి తనే పాకుతుంది, కానీ అంచులకు పారిపోయేంత పలచబడదు. ఇక గాలియం కలిసిన ద్రవలోహం. వేడిని మోయడంలో ఏ పేస్ట్‌నైనా మించిపోతుంది, అయినా నేను సిఫారసు చేయను. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, విద్యుత్తును పారనిస్తుంది. చిప్ చుట్టూ ఉన్న చిన్న చిన్న కెపాసిటర్ల మీద ఒక్క బొట్టు జారితే చాలు.

ఎప్పుడు మార్చాలన్నది క్యాలెండర్ చూసి తేల్చే విషయం కాదు. జీపీయూ-జెడ్ లాంటి సాఫ్ట్‌వేర్ చాలా కార్డులకు రెండు ఉష్ణోగ్రతలు చూపిస్తుంది: చిప్‌ది, అందులో అత్యంత వేడిగా ఉన్న చోటుది. గట్టి పనిలో ఈ రెంటికీ 10, 15 డిగ్రీల తేడా ఉండటం మామూలే. అది 25, 30 దాటి పెరుగుతూ పోతుంటే ఎక్కడో పొర తెగిందని అర్థం. అలాంటి సూచనేదీ లేకపోతే కార్డు జోలికి పోకండి. వారంటీ ఉంటే విప్పే ముందు దాని షరతులు కూడా చదవండి.

విప్పే ముందు కార్డును కొన్ని నిమిషాలు పనిచేయించి, కంప్యూటర్ ఆపి, వైరు పీకి, కొద్దిగా గోరువెచ్చగా ఉండగానే మొదలుపెడితే పేస్ట్ మెత్తగా ఉండి తేలిగ్గా వదులుతుంది. హీట్‌సింక్ ఊడకపోతే అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే చిప్ మూల చిట్లుతుంది, దానికిక మందు లేదు. ఫ్యాన్ వైర్లను తీగ పట్టుకుని లాగకూడదు, కనెక్టర్ పట్టుకుని తీయాలి. పాత పేస్ట్ తుడవడానికి 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ చాలు. కొత్తది చిప్ నాలుగు మూలలా కప్పేలా పలచగా పరవాలి. నడుమ చుక్క పెట్టి వదిలేసే పద్ధతి మూత ఉన్న ప్రాసెసర్లకు సరిపోతుంది, ఇక్కడ ఖాళీగా మిగిలిన మూల వెంటనే మాడుతుంది. స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

ఎక్కువమంది దెబ్బతినేది థర్మల్ ప్యాడ్ల దగ్గర. మెమరీ చిప్‌ల మీద ఉండే ఆ మెత్తటి పట్టీలు ఒక్కోచోట ఒక్కో మందంలో ఉంటాయి. 1 మిల్లీమీటరు ప్యాడ్ ఉండాల్సిన చోట 1.5 వేస్తే హీట్‌సింక్ ప్యాడ్ల మీదే నిలబడిపోతుంది, అసలు చిప్‌ను సరిగ్గా తాకదు. ఎంత మంచి పేస్ట్ రాసినా ఫలితం మునుపటి కన్నా ఘోరంగా వస్తుంది. మందం మరీ తక్కువైతే చిప్ చల్లగా ఉండి మెమరీ మాడుతుంది. అందుకే పాతవి చిరగకుండా ఉంటే వాటినే వాడటం మేలు. మార్చక తప్పకపోతే తయారీదారు చెప్పిన మందాన్నే వాడాలి. బిగించాక చూడాల్సింది చిప్ ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. కార్డు చూపిస్తే మెమరీది కూడా చూడాలి. అది మునుపటి కన్నా పెరిగితే ఏదో ఒక ప్యాడ్ తాకడం లేదన్నమాట, మళ్లీ విప్పాల్సిందే.