గుర్రం పరిగెత్తితే అర్థమేంటి? లైంగిక ఆరోగ్య ప్రకటనల్లో కెమెరా పని: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో పద్నాలుగేళ్లుగా కెమెరా పట్టుకుని బతుకుతున్నాను. మొదట పెళ్లిళ్లు, తర్వాత లోకల్ కేబుల్ ఛానెల్‌కు బట్టల షాపుల యాడ్లు, ఇప్పుడు ఎక్కువగా ఆసుపత్రులకు, ఆరోగ్య ప్రచారాలకు చిన్న వీడియోలు. కండోములు, సుఖవ్యాధులు, మగవాళ్ల ‘బలహీనత’ మందులు, నెలసరి ప్యాడ్లు. వీటి యాడ్ల గురించి తీయించేవాళ్లూ చూసేవాళ్లూ అనే మాటల్లో చాలావరకు తప్పులే. ఆ తప్పుల వల్ల నాకు తెలిసిన మనుషులే దెబ్బతిన్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఈ యాడ్లంటే ఒళ్లు చూపించడమే.

వాస్తవం: చాలా యాడ్లలో చూపించేది ఏమీ ఉండదు. పనంతా కట్ చేసిన చోట జరుగుతుంది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుంటారు, తలుపు మూసుకుంటుంది, కెమెరా పక్కకు తిరిగి దీపం మీదో పాలగ్లాసు మీదో ఆగుతుంది. తర్వాతి షాట్‌కు తెల్లారిపోయి ఉంటుంది, దిండు మీద నలిగిన మల్లెలు. సెన్సార్ కత్తెరకు భయపడి మన పాత సినిమాలు రెండు పూలు తాకించి, పావురాల్ని ఎగరేసి ఈ భాష నేర్పాయి. మధ్యలో ఏం జరిగిందో చూసేవాళ్లే పూరించుకుంటారు.

పెళ్లి వీడియోకైతే దీంతో ఇబ్బందేమీ లేదు. కండోమ్ యాడ్‌లో మాత్రం, మేము కోసేసిన ఆ ముక్కలోనే సమాచారమంతా ఉంది. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకోవడం, పళ్లతో కాకుండా చేత్తో అంచు పట్టుకుని చింపడం, కొసను నొక్కి గాలి తీసి తొడగడం, ఒకదాన్ని ఒక్కసారే వాడటం. స్ట్రాబెర్రీలు, చాక్లెట్లు, వానలో తడిసే జంటలు చూస్తూ పెరిగిన కుర్రాళ్లను అడిగి చూడండి. ఆ ప్యాకెట్ మీద తేదీ ఉంటుందని కూడా తెలియనివాళ్లు నాకు చాలామంది తగిలారు.

2017 డిసెంబర్ 11న కేంద్ర సమాచార ప్రసార శాఖ కండోమ్ యాడ్లను రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్యనే వేయాలని టీవీ ఛానెళ్లకు చెప్పింది. విమర్శలు వచ్చాక అదే నెలలో, అది శృంగారాన్ని రెచ్చగొట్టేలా ఉన్నవాటికే గానీ ఆరోగ్య సమాచారం చెప్పేవాటికి కాదని వివరణ ఇచ్చుకుంది. నా లెక్కన ఆ రెండింటికీ మధ్య గీత గీసేది కెమెరానే. వేళ్లు ప్యాకెట్‌ను ఎలా తెరుస్తున్నాయో చూపించే క్లోజప్‌లో రెచ్చగొట్టేది ఏముంది? పగలు పన్నెండింటికి కూడా వేసుకోవచ్చు.

నెలసరి ప్యాడ్ల యాడ్లలో రక్తానికి బదులు నీలం నీళ్లు పోయడం కూడా ఈ దాపరికమే. 2017లో బ్రిటన్‌లో ఒక కంపెనీ యాడ్‌లో ఎర్రరంగు చూపిస్తే అదే పెద్ద వార్త అయింది.

అపోహ: ‘బలహీనత’ మందుల యాడ్లలో గుర్రం, మంట, జలపాతం అందం కోసం పెడతారు.

వాస్తవం: అవి మాటలు. నోటితో అంటే కేసు అవుతుందని బొమ్మతో అనే మాటలు.

వాజి అంటే సంస్కృతంలో గుర్రం. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో లైంగిక శక్తికి సంబంధించిన వాజీకరణం ఒకటి. అశ్వగంధ వేరుకు గుర్రం వాసన ఉంటుందని ఆ పేరు. శాస్త్రంలో వాజీకరణమంటే సంతానం, ఆహారం, నియమాలు అన్నీ కలిసిన పెద్ద విషయం. యాడ్ల వాళ్లు అందులోంచి గుర్రాన్ని ఒక్కదాన్నే విప్పుకుపోయారు.

దాన్ని ఎలా తీస్తామో చెబుతాను. కెమెరాను దాదాపు నేలకు ఆనిస్తాం. సెకనుకు 120 ఫ్రేములు పెట్టి తీసి, 25 ఫ్రేముల్లో ప్లే చేస్తాం. ఒక్క సెకను పరుగు దాదాపు ఐదు సెకన్లు సాగుతుంది. జూలు ఎగరడం, తొడ కండరం కదలడం, డెక్కల కింద ఇసుక లేవడం, అన్నీ నింపాదిగా. ఆ సాగడమే అసలు సందేశం. ‘ఎక్కువసేపు’ అన్న హామీని నోరు విప్పకుండా స్లో మోషన్ ఇచ్చేస్తుంది.

ఏడెనిమిదేళ్ల కిందట ‘బలహీనత’కు పొడి అమ్మే ఒక కంపెనీ ఏజెంటు తుంగభద్ర ఇసుకలో ఇలాంటి షాట్ కావాలని వచ్చాడు. “అన్నా, నోటితో ఏమీ చెప్పొద్దు. గుర్రం పరిగెత్తితే చాలు, జనానికి అర్థమైతాది” అన్నాడు. తీసిచ్చాను. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

మా వీధిలో ఆటో నడిపే ఒకాయన ఆ పొడిని ఎనిమిది నెలలు వాడాడు. అంగస్తంభన సమస్య. ఇంట్లో చెప్పుకోలేదు, డాక్టర్ దగ్గరికి పోలేదు. చివరికి కాలి పుండు మానక పెద్దాసుపత్రికి పోతే షుగర్ బాగా ముదిరి ఉందని తేలింది. షుగర్ రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తుంది కాబట్టి కొంతమంది మగవాళ్లలో అంగస్తంభన సమస్యే ముందు బయటపడుతుందని అక్కడి డాక్టర్ ఆయనకు చెప్పారు. బీపీ, గుండె రక్తనాళాల జబ్బు, సిగరెట్లు కూడా దీనికి కారణాలే. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క రక్తపరీక్ష చేయించుకుని ఉంటే పుండు దాకా వచ్చేది కాదేమో. నేను తీసిన గుర్రం ఆ పరీక్షకు అడ్డం నిలబడింది.

మాటల్లో చెప్పకపోతే చట్టం పట్టుకోదనేది కూడా వట్టిదే. ఔషధాలు, మంత్రపు చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతుందని ఏ మందుకూ ప్రకటన వేయకూడదు. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టంలో ‘ప్రకటన’ అంటే ఏమిటో చెప్పేచోట కరపత్రం, లేబుల్, పొట్లం కాగితంతో పాటు కాంతి, శబ్దం, పొగ ద్వారా చేసేది కూడా ప్రకటనే అని రాశారు. మందు గురించి నేరుగా గానీ, పరోక్షంగా గానీ తప్పుడు అభిప్రాయం కలిగించకూడదని ఇంకో సెక్షన్. కాంతితో పని చేసే నేను ఆ వాక్యాన్ని షూటింగ్‌కు ముందే చదివి ఉండాల్సింది.

అపోహ: ‘వాడక ముందు - వాడిన తర్వాత’ కళ్లముందే కనిపిస్తోంది కదా, కెమెరా అబద్ధం చెబుతుందా?

వాస్తవం: ఆ రెండు షాట్లనూ ఒకే మనిషితో, ఒకే గదిలో, గంటన్నరలో తీస్తాం.

‘ముందు’ షాట్‌కు కెమెరా స్టూలు మీద పెట్టి పైనుంచి కిందికి చూపిస్తాం, మనిషి కుంచించుకుపోయినట్టు కనిపిస్తాడు. 24 ఎంఎం లెన్స్ మొహానికి దగ్గరగా పెడితే ముక్కు ముందుకొస్తుంది, చెంపలు వెనక్కిపోతాయి. నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఒక్కటే ఉంచితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. మంచం అంచున కూర్చోబెడతాం. వెనక భార్య అటు తిరిగి పడుకుని ఉంటుంది. ఫ్యాన్ కిర్రుమనే చప్పుడు తర్వాత ఎడిటింగ్‌లో కలుపుతాం.

‘తర్వాత’కు లెన్స్ 85 ఎంఎం. కెమెరా మోకాలి ఎత్తుకు దిగుతుంది, అదే మనిషి నిలువెత్తుగా కనిపిస్తాడు. పక్కనుంచి పసుపు లైటు, వెనక అంతా బ్లర్. భార్య గాజులు ముందు ఫోకస్‌లో ఉండి, అక్కడినుంచి ఫోకస్ అతని నవ్వు మీదికి జారుతుంది. మారింది లెన్స్, లైటు, ఎత్తు. మనిషి ఒంట్లో ఏదీ మారలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ అటు తిరిగి పడుకున్న భార్య. ఆ ఒక్క వీపుతో ‘నువ్వు పనికిరావు’ అని ఆమెతో అనిపిస్తాం. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’, ‘హస్తప్రయోగం వల్ల నష్టం’ అని అంటించే పోస్టర్లు, నెలకోసారి లాడ్జిలో దిగే ‘వైద్యులు’ ఈ అవమానం మీదే బతుకుతున్నారు. హస్తప్రయోగం వల్ల గానీ నిద్రలో స్ఖలనం వల్ల గానీ నరాలు బలహీనపడవు, మగతనం పోదు. వీర్యం పోతే ఒళ్లు క్షీణిస్తుందనే భయానికి మానసిక వైద్యులు ధాతు సిండ్రోమ్ అని పేరే పెట్టారు. నిజంగా ఇబ్బంది ఉంటే దానికి చికిత్సా ఉంది, చేసే డాక్టర్లూ ఉన్నారు.

అపోహ: యాడ్‌లో తెల్లకోటు వేసుకున్నాయన డాక్టరే.

వాస్తవం: రిజిస్టర్ అయిన అల్లోపతి డాక్టర్లు మందులను, కంపెనీలను ఇలా ప్రచారం చేయకూడదని 2002 నాటి వైద్య మండలి నియమావళే చెబుతోంది. పొడుల యాడ్‌లో తెల్లకోటు, మెడలో స్టెతస్కోప్ కనిపిస్తే అది కాస్ట్యూమ్ అనుకోండి. మా దగ్గర ఆ కోటు మేకప్ బాక్సు పక్కనే వేలాడుతుంటుంది.

అపోహ: భయపెడితేనే జనం జాగ్రత్తపడతారు.

వాస్తవం: నా చిన్నప్పుడు మా ఊరి బడి గోడ మీద ఎయిడ్స్ అంటే పుర్రె, దాని చుట్టూ పాము. చూసి భయపడ్డాం, నిజమే. ఆ భయం జబ్బు దగ్గర ఆగకుండా జబ్బున్న మనిషి మీదికి పోయింది. ఆ పుర్రె బొమ్మ చూసిన మనిషి పరీక్షకు ఎందుకు పోతాడు? పరీక్షకు పోవడమంటే చావు చీటీ తెచ్చుకోవడమే అనుకుంటాడు. మన దేశంలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. వాటిని రోజూ వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గి అలాగే నిలిచి ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా వేరొకరికి సోకదు. ఇక పుర్రె బొమ్మ చెప్పేది నిజమెలా అవుతుంది? ఇప్పుడు నేను ఈ విషయం మీద ఏది తీసినా పొలం పని చేసుకునే మనిషిని, బిడ్డకు జడ వేసే తల్లిని చూపిస్తాను. 1097 ఉచిత హెల్ప్‌లైన్ నంబర్ తెర మీద నాలుగు సెకన్లైనా ఉంచుతాను, రాసుకోవడానికి టైం ఉండాలి కదా.

అపోహ: మన సీమలో ఇవన్నీ సూటిగా చెబితే ఊరుకోరు, గుర్తులతోనే చెప్పాలి.

వాస్తవం: గుర్తులు మంచివే, పక్కన విడమరిచే మనిషి ఉంటే. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఊరూరా గోడలకెక్కింది. తలకిందులుగా ఉన్న త్రికోణాన్ని చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏఎన్‌ఎమ్ అక్క గడపలో కూర్చుని చెప్పబట్టి, ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని నినాదం మోగబట్టి దానికి అర్థం వచ్చింది. 1968లో ప్రభుత్వ కండోమ్ నిరోధ్‌ను పదిహేను పైసలకు మూడు చొప్పున అమ్మినప్పుడు టీపొడి కంపెనీల ద్వారా కిరాణా కొట్లకు పంపించారు. టీపొడి పక్కన నిలబడేసరికి అదీ ఒక సరుకే అయింది.

సూటిగా చెప్పినవి మన జనం తిప్పికొట్టారా? ఎయిడ్స్ ప్రచారంలోని ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్నను రాష్ట్రమంతా నోట్లో నానించింది. 2008లో ‘కండోమ్ కండోమ్’ అని నోటితో పాడిన రింగ్‌టోన్‌ను దేశంలో జనం ఫోన్లలో వేసుకున్నారు. పదం నోటికి అలవాటైతే షాపులో అడగడం సులువవుతుందన్నది దాని వెనక ఆలోచన.

రెండేళ్ల కిందట ఒక అవగాహన వీడియో తీశాం. కుర్రాడు మెడికల్ షాపులో కండోమ్ కొనాలి, అంతే కథ. నేను అలవాటుగా సాయంత్రం చీకట్లో పెట్టాను. అటూ ఇటూ చూసే కళ్ల క్లోజప్, వణికే వేళ్లు, షాపతను న్యూస్‌పేపర్‌లో చుట్టి నల్ల కవర్లో వేయడం, కుర్రాడు గబగబా సందులోకి మళ్లడం. బాగా వచ్చిందనుకున్నాను. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే కేంద్రంలో కౌన్సెలర్‌గా చేసే మేడమ్ చూసి, “అన్నా, ఆ పిల్లోడు దొంగతనం చేసి పారిపోతున్నట్టు ఉండాడు. సిగ్గుపడొద్దని మేము పొద్దస్తమానం చెప్తా ఉంటే, మీ వీడియో సిగ్గుపడమంటా ఉంది” అన్నారు.

మళ్లీ తీశాం. పగలు పదకొండు గంటలకు, అదే షాపు. కెమెరా కుర్రాడి కళ్ల ఎత్తులో, కౌంటర్ మొత్తం కనిపించేలా వైడ్ షాట్, మధ్యలో కట్ లేదు. మ్యూజిక్ తీసేసి రోడ్డు మీద ఆటోల చప్పుడే ఉంచాం. షాపతను నటుడు కాదు, నిజంగా ఆ షాపు నడిపే పెద్దాయన. కుర్రాడు అడగగానే ఆయన చెయ్యి ఎప్పటిలాగే న్యూస్‌పేపర్ ముక్క మీదికి పోయింది. అక్కడే ఆగింది. పేపర్ పక్కకు నెట్టి, జ్వరం బిళ్లలు ఇచ్చినట్టే ప్యాకెట్‌ను కౌంటర్ మీద పెట్టాడు, పైన బిల్లు పెట్టాడు. “తేదీ చూసుకోప్పా” అన్నాడు. కుర్రాడు తిప్పి చూశాడు.

ఆ మాట స్క్రిప్ట్‌లో లేదు. ఎడిటింగ్‌లో దాన్ని అలాగే ఉంచాం.