మోసం అని ఎప్పుడు అనాలి?

పిల్లలూ,

ఆటలో ఓడిపోతే మోసం అంటారు. వస్తానని రాని స్నేహితుణ్ణి కూడా మోసగాడనే అంటారు. కోపంలో నోటికి తేలిగ్గా వచ్చే మాట అది. చట్టం మాత్రం ఆ నింద ఎవరి మీదా అంత సులువుగా వెయ్యదు. ఎందుకో ఒక పాత కేసు చెబుతుంది.

1880లలో ఇంగ్లండులో ఒక ట్రాము కంపెనీ వాటాలు అమ్మడానికి ప్రకటన వేసింది. గుర్రాలకు బదులు ఆవిరితో ట్రాములు నడిపే హక్కు తమకుందని అందులో రాసింది. నిజానికి దానికి ప్రభుత్వ బోర్డు అనుమతి కావాలి. అదెలాగూ వస్తుందని డైరెక్టర్లు అనుకున్నారు. రాలేదు. కంపెనీ మూతపడింది. ఆ ప్రకటన నమ్మి వాటాలు కొన్న హెన్రీ పీక్ కోర్టుకెక్కాడు. 1889లో చివరి తీర్పు వచ్చింది: రాసినది నిజం కాదు, అయినా మోసం కాదు. రాసినవాళ్లు నిజమనే నమ్మి రాశారు కాబట్టి.

పీక్‌కు అన్యాయం జరిగిందనిపిస్తుందా? నాకూ కొంత అనిపిస్తుంది. అయినా పొరపాటుకూ మోసానికీ మధ్య గీత ఉండాల్సిందే. అదే తీర్పు ఆ గీత ఎక్కడుందో చెప్పింది. అబద్ధమని తెలిసి చెప్పినా, నిజమన్న నమ్మకం లేకుండా చెప్పినా, నిజమో కాదో నాకెందుకని తెగించి చెప్పినా అది మోసమే. ఈ మూడోదాన్ని చాలామంది మోసంగా లెక్కపెట్టరు. మీరు లెక్కపెట్టండి.

అబద్ధం నోటితోనే చెప్పనక్కర్లేదు. సైకిలు అమ్మేవాడు చట్రంలోని పగులు మీద రంగు పూసి, "బ్రేకులు కొత్తవి" అని మాత్రమే చెప్పాడనుకోండి. చెప్పిన ముక్క నిజమే. కానీ ఆ రంగే అబద్ధమాడింది. కొనేవాడు ఆ పగులు ముందే చూసి కొని ఉంటే, మోసపోయానని నష్టపరిహారం అడగలేడు. నమ్మి నష్టపోయి ఉండాలి. శిక్ష వేసే చట్టాల్లో కొన్ని మాత్రం నష్టం జరిగేదాకా ఆగవు. బ్రిటన్ 2006 చట్టం ప్రకారం, లాభం కోసం దురుద్దేశంతో అబద్ధం చెబితే చాలు, నేరమే.

మోసపోయినవాణ్ణి తెలివితక్కువవాడని మాత్రం ఎప్పుడూ అనకండి. "కాగితాలు చూసుకోవచ్చుగా, ఎందుకు నమ్మాడు?" అన్న వాదనను ఇంగ్లండు కోర్టు 1881లోనే తోసిపుచ్చింది. మీకే అలా జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా ఇంట్లో చెప్పండి. మోసగించినవాళ్లు పంపిన సందేశాలు, ఇచ్చిన రసీదులు చెరిపెయ్యకండి. వాళ్లు ఏం చెప్పి నమ్మించారో రుజువు చేయడానికి అవే కావాలి.

మీ తాతయ్య