కల్లోలంలో బాల్యం: సినిమా శబ్దం గురించి అపోహలు – వాస్తవాలు

నేను చెన్నైలో, సాలిగ్రామంలో సౌండ్ ఎడిటర్‌ని. తమిళం, తెలుగు రెండూ చేస్తాను. ఈ మధ్య మా దగ్గరికి వచ్చే తెలుగు కుర్ర దర్శకుల్లో చాలామంది ఒకే తరహా కథ పట్టుకొస్తున్నారు. తొంభైల్లో నల్లమల అంచునో, కరీంనగర్ జిల్లాలోనో ఓ ఊరు. ఎనిమిదేళ్ళ పిల్లాడు. పగలు బడి, ఆటలు, నానమ్మ. రాత్రయితే ఒకసారి అన్నలు, ఒకసారి పోలీసులు. వాళ్ళు పెరిగిన బతుకే అది. ఈ కథలు తెర మీదకి రావాలని నాకు గట్టిగా ఉంది. అందుకే మా మాటల్లో పదే పదే వచ్చే కొన్ని అపోహల గురించి, నా పనికి సంబంధించినంత వరకు రాస్తున్నాను.

అపోహ: కాల్పులున్న సినిమా కాబట్టి థియేటర్ దద్దరిల్లాలి.

వాస్తవం: పిల్లలు గొడవలను చూసేది తక్కువ, వినేది ఎక్కువ. తలుపు గడియ పెట్టేసి, దీపం ఆర్పేసి, అమ్మ పక్కన నక్కి వింటారు. కాబట్టి దర్శకుణ్ణి నేను మొదట అడిగేది "తుపాకి ఎంత పెద్దగా పేలాలి?" అని కాదు, "పిల్లాడు ఏ గదిలో ఉన్నాడు? గోడ మట్టిదా, ఇటుకదా? కిటికీ తెరిచి ఉందా?" అని.

దూరం నుంచి వచ్చే పేలుడులో పదునంతా గాలీ గోడలూ తినేస్తాయి. ఛాతీకి తగిలే బరువైన మోత మాత్రం మిగులుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే కిలోమీటరు దూరంలో ఏదైనా పేలితే, మెరుపు కనబడ్డాక దాదాపు మూడు సెకన్లకు గానీ మోత చేరదు. మన సినిమాల్లో రెండూ ఒకేసారి పెట్టేస్తారు. ఆ మూడు సెకన్లు అలాగే వదిలితే, పిల్లాడి ముఖం చూడటానికి ప్రేక్షకుడికి టైమ్ దొరుకుతుంది. ఎంత పెద్ద మోత పెట్టినా రాని టెన్షన్ అందులో ఉంటుంది.

మా స్టూడియోలో ఫోలీ (అడుగులు, తలుపుల లాంటి చప్పుళ్ళను తెరకు తగ్గట్టు చేసి రికార్డు చేసే పని) చేసే ఒకాయన చిన్నప్పుడే శ్రీలంకలోని జాఫ్నా నుంచి పడవెక్కి వచ్చి, గుమ్మిడిపూండి శరణార్థుల క్యాంపులో పెరిగారు. షెల్లింగ్, అంటే ఫిరంగి గుండ్లు పడే ఒక సీనుకు ట్రాక్ వేసి ఆయనకు వినిపించాం. "బాగుంది సార్, కానీ షెల్లు ఎటు పోతోందో తెలియట్లేదు" అన్నారు. తర్వాత విడమరిచి చెప్పారు. షెల్లు బయల్దేరేటప్పుడు దూరంగా ఒక బొంగురు మోత వస్తుంది. అది చెవిన పడగానే పిల్లలంతా వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టేవాళ్ళట. కూత తల మీదుగా దాటిపోతే అది తమ మీదకి కాదు. బంకర్‌లోకి పరుగెత్తాలో, గోళీలాట సాగించాలో ఏడేళ్ళ పిల్లలు ఆ లెక్కతోనే తేల్చుకునేవాళ్ళు. ఆ సీను మళ్ళీ కట్టాం. ఇప్పుడు బయల్దేరే మోతకీ పడే మోతకీ మధ్య ఆట ఆగదు. గోళీ గోళీకి తగిలిన టిక్కు స్పష్టంగా వినబడుతుంది. ఒక్క పిల్లవాడి పెదాలు మాత్రం కదులుతుంటాయి.

పిల్లలకు ఏం తెలుస్తుందిలే, వాళ్ళది అమాయకత్వం అనే మాటకి కూడా నా జవాబు ఇదే. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో వాళ్ళకు తెలియకపోవచ్చు. ఏ చప్పుడు ప్రమాదమో పెద్దవాళ్ళ కంటే ముందే పసిగడతారు. మన ఊళ్ళల్లో అర్ధరాత్రి కుక్కలు మొరిగే తీరు కూడా అలాంటిదే. ఒక కుక్క మొరిగితే ఒక అర్థం, ఊరి చివర మొదలైన మొరుగుడు వీధి వీధికీ పాకుతూ దగ్గరికి వస్తే మరో అర్థం. తెలంగాణ కథ తెచ్చిన ఒక దర్శకుడితో ఆ రాత్రి సీను మొత్తం కుక్కలతోనే నడుపుదాం అన్నాను. తుపాకి అవసరమే పడలేదు.

అపోహ: తీపి జ్ఞాపకాలు చూపిస్తే హింసను తక్కువ చేసినట్టే.

వాస్తవం: ఇది నిజాయితీగా అడిగే ప్రశ్న, కొట్టిపారేయలేను. 2021లో కెన్నెత్ బ్రానా తీసిన 'బెల్ఫాస్ట్' మీద కూడా ఈ విమర్శ వచ్చింది. 1969 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టంట్లు, కాథలిక్కుల మధ్య అల్లర్లు మొదలైనప్పుడు బెల్ఫాస్ట్‌లోని ఒక వీధిలో ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లాడి కథ అది. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళు, 1998 శాంతి ఒప్పందం దాకా నడిచిన ఘర్షణలో 3,500 మందికి పైగా చనిపోయారు. అంత దుఃఖాన్ని వదిలేసి తాతయ్య ముచ్చట్లు, సినిమా హాళ్ళు చూపించారేమిటని కొందరన్నారు.

ఆ సినిమా మొదటి నిమిషాలు చెవులు పెట్టి వినండి. పిల్లాడి చేతిలో కర్రకత్తి, డాలుగా చెత్తడబ్బా మూత. వీధంతా పిల్లల కేకలు, పేరు పెట్టి పిలిచే అమ్మల గొంతులు. అంతలో గుంపు వస్తుంది. అదే మూతను తల్లి అడ్డం పెట్టి రాళ్ళ నుంచి కొడుకును కాచుకుంటూ ఇంట్లోకి లాక్కుపోతుంది. ముందు ఆ వీధి సందడి మన చెవికి ఎక్కింది కాబట్టే, అది పోయినప్పుడు ఏం పోయిందో తెలుస్తుంది. తీపి లేకపోతే పోగొట్టుకున్నదేమిటో ప్రేక్షకుడికి ఎలా అర్థమవుతుంది? నా ఉద్దేశంలో ఆ సినిమాను తప్పుపట్టాల్సింది తీపి గురించి కాదు. అది ఒక ప్రొటెస్టంట్ ఇంటి గుమ్మంలోంచి చూసిన జ్ఞాపకం, పక్కింటి కాథలిక్ పిల్లాడి చెవికి ఆ రాత్రి ఎలా ఉందో మనకు వినబడదు. మన దర్శకులు ఆలోచించుకోవాల్సింది దాని గురించి. అన్నల వైపు ఇంటివాడైనా, కానిస్టేబుల్ ఇంటివాడైనా, ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలే కదా.

ఇంటి సందడి ముందు, యుద్ధం తర్వాత అనే పద్ధతికి మన పక్కనే మంచి పాఠం ఉంది. 2002లో మణిరత్నం తీసిన 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్', తెలుగులో 'అమృత'. ముగ్గురు పిల్లల అల్లరితో నిండిన చెన్నై ఇంటి నుంచి కథ శ్రీలంక యుద్ధంలోకి వెళ్తుంది. దానికి 50వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ ఆడియోగ్రఫీ (శబ్దగ్రహణం) అవార్డు ఎ.ఎస్. లక్ష్మీనారాయణన్, హెచ్. శ్రీధర్‌లకు దక్కింది. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ముందుగా హెడ్‌ఫోన్స్ పెట్టి వినమనేది దాన్నే.

అపోహ: నాస్టాల్జియా కావాలంటే ఒక పాత పాట, తెరకు కాస్త పసుపు రంగు చాలు. నా బాల్యమే కదా, పరిశోధన దేనికి?

వాస్తవం: జ్ఞాపకానికి తేదీలు గుర్తుండవు. శబ్దానికి తేదీ ఉంటుంది. జాఫ్నా కథే తీసుకోండి. కొలంబో నుంచి వచ్చే యాళ్‌దేవి రైలు 1990లో జాఫ్నాకు రావడం ఆగిపోయింది, మళ్ళీ 2014 అక్టోబరులో గానీ రాలేదు. అంటే 1993లో జరిగే కథలో రాత్రి రైలుకూత పెడితే అది అబద్ధం. కఫీర్ జెట్లు శ్రీలంక వైమానిక దళానికి 1996లో వచ్చాయి. 1995 అక్టోబరు చివర జాఫ్నా జనం కట్టుబట్టలతో వలస వెళ్తున్నప్పుడు పైన ఆ మోత ఉండకూడదు. తొంభైల్లో చాలాకాలం అక్కడ కరెంటు లేదు. మనం అలవాటుగా వేసే ఫ్యాన్ హమ్ తీసేయాల్సిందే.

పాటకైనా అంతే. ఆంక్షల వల్ల బ్యాటరీలు దొరక్క, అక్కడివాళ్ళు సైకిల్ డైనమోతో రేడియోలు, టేప్‌రికార్డర్లు నడిపారు. మా ఫోలీ ఆయన చెప్పేదేంటంటే, సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ఒక పిల్లాడు చేత్తో పెడల్ తిప్పాలి, మిగతావాళ్ళు వినాలి. తిప్పేవాడు అలసిపోతే పాట సాగిపోయేదట, అందరూ వాడి మీద అరిచేవాళ్ళట. ఆ సాగిన పాట, చెయిన్ చప్పుడు, ఆ అరుపులు కలిపి పెట్టండి. ఏ పసుపు రంగూ అక్కర్లేదు.

మన ఊళ్ళకి వస్తే నేను అడిగే జాబితా చిన్నదే. ఆఖరి బస్సు ఎన్నింటికి? బంద్ రోజున అది రాకపోతే ఊరు ఎలా ఉండేది? త్రీఫేజ్ కరెంటు ఏ వేళకి వచ్చేది, మోటార్లు ఎప్పుడు మొదలయ్యేవి? బోరింగు ఇంటికి ఎంత దూరం? పోలీసులు జీపులో వచ్చేవాళ్ళా, దూరంగా దిగి నడిచా? వీటికి జవాబులు దర్శకుడి దగ్గర కాదు, వాళ్ళమ్మ దగ్గర ఉంటాయి. ఫోన్ చేసి అడగమంటాను.

అపోహ: పిల్లల్ని నిజంగా భయపెడితేనే నటన సహజంగా వస్తుంది.

వాస్తవం: ఇది అపోహ కూడా కాదు, అన్యాయం. చెప్పకుండా పక్కన బ్లాంక్ (గుండు లేని) తూటా పేల్చి రియాక్షన్ తీసుకుంటామని ఎవరైనా అంటే ఆ సినిమా నేను చేయను. హఠాత్తుగా వచ్చే పేలుడు మోతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు పెట్టిన పరిమితి 140 డెసిబెల్స్ అయితే, పిల్లలకు 120 మాత్రమే. మోత మేం తర్వాత వేస్తాం, దానికే మేమున్నాం. సెట్‌లో ఎవరైనా చప్పట్లు కొడితే చాలు.

పిల్లాడికి కథ చెప్పాలి, అర్థమయ్యేట్టు చెప్పాలి. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1940లో జరిగే 'ది స్పిరిట్ ఆఫ్ ది బీహైవ్'లో నటించిన చిన్నారి ఆనా టొరెంట్‌కు మనుషుల్ని వేరే పేర్లతో పిలవడం అయోమయంగా ఉంటే, దర్శకుడు విక్టర్ ఎరీసే పాత్రల పేర్లే మార్చేశాడు. అందరికీ సొంత పేర్లే పెట్టాడు. పిల్లల దగ్గరికి మనం దిగి వెళ్ళడం అంటే అదీ.

చట్టం కూడా తెలుసుకోండి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం, పిల్లల చేత నటింపజేయాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. రోజుకు 5 గంటలు దాటకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

అపోహ: పిల్లలున్నారు కాబట్టి ఇది పిల్లల సినిమా.

వాస్తవం: కాదు. 2024 సెన్సార్ నిబంధనలతో యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని మూడు తరగతులు వచ్చాయి. ఏ వయసు వాళ్ళకి తీస్తున్నారో స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి. నా మిక్సింగ్ కూడా దాని మీదే ఆధారపడుతుంది.

అపోహ: లొకేషన్ సౌండ్ ఎలా ఉన్నా పర్లేదు, తర్వాత డబ్బింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: చెన్నైలో దశాబ్దాలుగా డబ్బింగ్‌తోనే గొప్ప సినిమాలు వచ్చాయి, నాకు దాని మీద గౌరవం ఉంది. పిల్లల పాత్రలకు ఆడవాళ్ళు గొంతు అరువిచ్చిన సంప్రదాయమూ మనదే. కానీ ఈ రకం సినిమాలో భయం మాటల్లో ఉండదు, ఊపిరిలో ఉంటుంది. మంచం కింద దాక్కున్న పిల్లాడు ఊపిరి బిగబట్టి వదిలిన తీరు, ఏసీ గదిలో మైకు ముందు నిలబెట్టి తెప్పించడం చాలా కష్టం. పైగా పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లాడైతే షూటింగ్ అయిన ఆరు నెలలకు గొంతే మారిపోవచ్చు.

డబ్బింగ్ తప్పదనుకుంటే షూటింగ్ అయిన వెంటనే పెట్టుకోండి. లొకేషన్ వదిలే ముందు ఆ పిల్లలందరినీ కెమెరా లేకుండా ఒక గంట ఆడుకోనిచ్చి రికార్డు చేయండి. కేకలు, గొడవలు, ఎక్కాలు, పేర్లు పెట్టి పిలుచుకోవడం, అన్నీ కావాలి. ఖాళీ ఇంట్లో తలుపులు మూసి కొన్ని నిమిషాలు, తెరిచి కొన్ని నిమిషాలు ఉత్త గాలి శబ్దం తీసుకోండి. రాత్రి పూట మళ్ళీ ఒకసారి. ప్రొడక్షన్ వాళ్ళు లేటవుతోందని తొందరపెడతారు, ఆ గంట ముందే షెడ్యూల్‌లో రాయించుకోండి.