యెమెన్ ఆకలి: అంగట్లో పిండి ఉంది, కొనేందుకు డబ్బు లేదు

పిల్లల పోషకాహారం నేను చేసే పని. 2020 నాటి యెమెన్ గురించి మాట వస్తే జనం అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: యుద్ధంతో అక్కడ తిండిగింజలే దొరకలేదు.

వాస్తవం: చాలా ఊళ్లలో గోధుమపిండి, నూనె దొరికాయి. ధరే అందలేదు. యెమెన్ తినే గోధుమల్లో దాదాపు 90 శాతం ఓడల్లో రావాలి, డాలర్లు పోసి కొనాలి. యుద్ధానికి ముందు డాలరుకు 215 రియాళ్లు. 2020లో దక్షిణాన ఏడెన్‌లో అది 800 దాటింది, ఉత్తరాన హౌతీ తిరుగుబాటుదారుల చేతిలోని సనాలో 600 దగ్గర ఉంది. ఒకే దేశం, రెండు రేట్లు! పైగా 2016లో కేంద్ర బ్యాంకును సనా నుంచి ఏడెన్‌కు మార్చాక, ఉత్తరాన టీచర్లకు, నర్సులకు జీతాలు సరిగా అందలేదు. అంగడి నిండా సరుకుంటే మాత్రం వాళ్లకేం లాభం?

అపోహ: ఆకలి తెచ్చింది కరోనా.

వాస్తవం: మొదటి కేసు 2020 ఏప్రిల్ 10న హద్రమౌత్‌లో బయటపడింది. (హైదరాబాద్ బార్కస్‌లో చాలా కుటుంబాల మూలాలు అక్కడివే.) అప్పటికే ఐదేళ్ల యుద్ధం. కరోనాతో సౌదీలో పనులు ఆగి, ఇంటికి పంపే డబ్బు తగ్గింది. ఆ ఏప్రిల్‌లోనే ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం ఉత్తర యెమెన్‌లో రేషన్‌ను నెల విడిచి నెల ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ సంస్థకే అక్టోబరులో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అపోహ: కరవని ప్రకటించలేదుగా, అంత ఘోరం కాదేమో.

వాస్తవం: ఆ ప్రకటనకు ఐదిళ్లలో ఒకటి తిండికి పూర్తిగా అల్లాడాలి, వందలో 30 మంది పిల్లలు చిక్కిపోవాలి, రోజుకు పదివేల మందిలో ఇద్దరు చనిపోవాలి. అంటే ప్రకటన వచ్చేసరికే సమాధులు లేస్తాయి. ఆకలి తీవ్రతను ఐదు దశలుగా లెక్కగట్టే 2020 డిసెంబరు అంచనాలో ఐదో దశలో, అంటే చివరి దశలో, 16,500 మంది ఉన్నారు. 2021 మొదటి సగంలో ఆ సంఖ్య 47,000కు చేరవచ్చన్నారు.

అపోహ: చిక్కిపోయిన బిడ్డకు కడుపునిండా పెడితే చాలు.

వాస్తవం: ఇది నాకు టెన్షన్ పెట్టే అపోహ. జబ్బుపడి ఆకలి చచ్చిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఆస్పత్రిలో రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా ప్రత్యేక పాలు పట్టాలి. ఆకలి తిరిగొచ్చాకే పోషకాలు కలిపిన వేరుశనగ పేస్టు: ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. బిడ్డ చిక్కిపోయిందేమో చూసేందుకు జబ్బ (భుజానికి, మోచేతికి మధ్య భాగం) కొలిచే టేపును కరోనా రోజుల్లో చాలాచోట్ల తల్లుల చేతికే ఇచ్చారు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లు లేకపోతే టేపు ఎరుపు చూపిస్తుంది. చదువు రాని తల్లికీ అది అర్థమవుతుంది.