బంగారు పాళీ కోసం అప్పు చేయకండి: ఫౌంటెన్ పెన్ను అపోహలు - వాస్తవాలు

పెన్నులు అమ్ముతూ, బాగుచేస్తూ బతికేవాణ్ణి. కాలేజీలు తెరిచే రోజుల్లో నా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే మాట: "సార్, ఐదొందల్లో మంచి ఫౌంటెన్ పెన్ను వస్తుందా? లేకపోతే కొన్నాళ్లు ఆగి పెద్దదే కొనుక్కోమంటారా?" వస్తుంది. ఆగక్కర్లేదు. కానీ ఈలోపు ఎవరో ఒకరు వాళ్ల చెవిలో ఊది ఉంటారు: బంగారు పాళీ లేని పెన్ను పెన్నే కాదని. జనం డబ్బు అన్నిటికన్నా ఎక్కువగా తగలేస్తున్నది ఈ మాటే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: బంగారు పాళీ ఉంటేనే రాత సాఫీగా సాగుతుంది.

కాగితానికి తగిలేది బంగారం కాదండీ. పాళీ బంగారమైనా స్టీలైనా దాని కొసన కంటికి ఆనీ ఆననట్టు చిన్న గుండు అతికించి ఉంటుంది. ఆస్మియం, ఇరిడియం, రుథీనియం లాంటి గట్టి లోహాలు కలిపి చేసిన గుండు అది. బంగారం మెత్తటి లోహం, కాగితం మీద నేరుగా రుద్దితే నిలవదు. కాబట్టి లక్ష రూపాయల పెన్నులోనైనా నాలుగొందల పెన్నులోనైనా కాగితం మీద నడిచేది ఆ గుండే. దాన్ని ఎంత బాగా నున్నబెట్టారు అన్నదే లెక్క. మరీ చవక రకాల్లో గుండు ఉండదు, స్టీలు కొసనే కాస్త మడిచి వదిలేస్తారు. అవి మాత్రం కొనకండి.

మరి బంగారం ఎందుకు వాడారు? పూర్వం వాడిన ఐరన్‌గాల్ అనే నల్ల ఇంకుల్లో ఆమ్లం ఉండేది. అప్పటి స్టీలు పాళీలను అది తినేసేది. బంగారానికి ఆ బాధ లేదు. ఇప్పుడు మనం పోసుకునేవి ఎక్కువగా నీళ్లలో రంగు కలిపిన ఇంకులు, పాళీ స్టెయిన్‌లెస్ స్టీలు. ఆ అవసరం ఎప్పుడో తీరిపోయింది. కొన్ని బంగారు పాళీలు రాసేటప్పుడు కాస్త సాగినట్టుంటాయి, ఆ హాయి వేరు, కాదనను. కానీ ఏమాత్రం సాగని 14 క్యారెట్ల పాళీలు కూడా బోలెడు చూశాను.

ఇంకో విషయం. పాళీ పసుపుగా మెరిసినంత మాత్రాన బంగారం కాదు. నిజం బంగారమైతే 14కె, 585 అనో, 18కె, 750 అనో ముద్ర ఉంటుంది. 22KGP అని ఉంటే అది స్టీలు మీద పూత. చివరి రెండు అక్షరాలకు అర్థం గోల్డ్ ప్లేటెడ్.

గ్రూప్స్‌కి చదువుతున్న ఒకమ్మాయి ఇలాంటి పెన్నే పట్టుకొచ్చింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఆన్‌లైన్‌లో కొనుక్కుంది. "అన్నా, బంగారు పాళీ అన్నారు. రెండు లైన్లు రాస్తే ఆగిపోతోంది. నా చెయ్యే బాగోలేదంటారా?" అంది. మెయిన్స్ దగ్గరపడుతోంది, ఆ టెన్షన్ గొంతులోనే తెలుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే పాళీ చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కల్లో ఎడమది వెంట్రుకవాసి కిందికి దిగి ఉంది. బొటనవేలి గోరుతో మెల్లగా పైకి ఎత్తాను, పాళీ కింద ఉండి ఇంకు అందించే ఫీడ్ అనే ముక్కను విప్పి కడిగాను, అంతే. పెన్ను గడగడా రాసింది. చెయ్యి బాగానే ఉందమ్మా అని చెప్పాను. ఆ పెన్ను ధరలో నాలుగోవంతు పెట్టినా ఆమెకు ఇంతకన్నా మంచి పెన్ను దొరికేది. ఆ మాట మాత్రం ఆమెతో అనలేకపోయాను.

రాత బాగుండాలంటే చూడాల్సినవి మూడు: రెక్కలు రెండూ సమానంగా ఉండటం, వాటి మధ్య చీలిక సరిగ్గా ఉండటం, పాళీ కింద నల్లగా కనిపించే ఫీడ్ పని చెయ్యడం. ఇంకు కిందికి దిగాలంటే అంత గాలీ పైకి పోవాలి. ఈ రాకపోకలు చూసుకునేది ఫీడే. పెన్ను ఆగాగి రాస్తోందంటే నూటికి తొంభైపాళ్లు ఈ మూడింట్లోనే ఎక్కడో ఉంటుంది, లోహంలో కాదు.

షాపులో కొంటే ఇంకులో ముంచి రాసి చూపించమనండి, మొహమాటపడకండి. సంతకం పెట్టి ఊరుకోవద్దు. తెలుగులో రాయండి. మన అక్షరాలు గుండ్రంగా తిరుగుతాయి, తలకట్టు పెట్టేటప్పుడు పాళీ పైకి తోసుకుపోతుంది. ఇంగ్లీషు గీతల్లో దాక్కున్న లోపం అక్కడ బయటపడుతుంది. 'ఱ', 'ణ', 'క్షే' రాసి చూడండి. ఏదో ఒక వైపు తిరిగేటప్పుడే గీరుకుంటుంటే రెక్కలు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు. పాళీని వెలుగుకెదురుగా పట్టుకుంటే చీలిక చివరిదాకా సన్నబడుతూ పోవాలి. కొస దగ్గర విచ్చుకుని ఉంటే పక్కన పెట్టేయండి.

ఏది కొనాలంటారా? ఐదొందల చుట్టుపక్కల నేను ముందు చూపించేది ప్లాటినం వాళ్ల ప్రెపీ. మూత లోపల స్ప్రింగుతో ఇంకో చిన్న మూత ఉంటుంది, వారాల తరబడి రాయకపోయినా పాళీ ఎండదు. ప్లాస్టిక్ ఒళ్లు, కింద పడితే పగలొచ్చు, అది ఒప్పుకుని కొనుక్కోవాలి. ఇంకాస్త పెట్టగలిగితే పైలట్ మెట్రోపాలిటన్. చేత్తో చేసిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను మీద మనసుంటే రాజమహేంద్రవరం ఉండనే ఉంది. 1932లో మొదలైన రత్నం పెన్నుల వారి స్వదేశీ కలాన్ని మెచ్చుకుంటూ 1935లో గాంధీజీ ఉత్తరం రాశారు. అక్కడ మీరిచ్చే డబ్బు పాళీకి కాదు, పనివాడి చేతికి, ఆ పెన్ను ఒంటికి. దానికి స్టీలు పాళీ వేయించుకున్నా ఆ పెన్ను విలువ ఏమీ తగ్గదు.

అపోహ: గీరుకున్నా పర్లేదు, రాయగా రాయగా అదే నున్నబడుతుంది.

ఈ మాట చెప్పి పంపేసే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గుండు నిజంగా అరగాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోపు వాపసు ఇచ్చే గడువు మాత్రం అయిపోతుంది. కొన్న వారంలోనే తిప్పి ఇవ్వండి.

అపోహ: ఇంకొకరు రాస్తే పాళీ పాడవుతుంది.

రెండు లైన్లు రాస్తే ఏమీ కాదు. బాల్‌పెన్నులా అదిమి పడితే రెక్కలు విచ్చుకుంటాయి, భయపడాల్సింది దానికే.

అపోహ: పాళీ మీద ఇరిడియం పాయింట్ జర్మనీ అని ఉంటే జర్మన్ సరుకు.

ఎవరైనా కొట్టుకోగల ముద్ర అది. పట్టించుకోకండి.

అపోహ: ఫౌంటెన్ పెన్ను అన్నాక కారుతుంది.

కార్ట్రిడ్జి (ఇంకు నింపి వచ్చే గొట్టం), కన్వర్టర్ (సీసాలోంచి ఇంకు పీల్చుకునే గొట్టం) పెన్నులు బాగుంటే కారవు. డ్రాపర్‌తో నేరుగా ఒంట్లోకి ఇంకు పోసే పెన్నులో ఇంకు అడుక్కి వచ్చేసరికి పైన గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. మన ఎండల్లో మరీనూ. మూడోవంతు మిగలగానే మళ్లీ నింపుకోండి, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి.

అపోహ: ఇంకు ఆగితే వేడినీళ్లు గానీ స్పిరిట్ గానీ పోసి కడగాలి.

వద్దు. వేడినీళ్లకు ఎబొనైట్ రంగు పోతుంది, స్పిరిట్‌కు కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్లిస్తాయి. మామూలు నీళ్లు, మరీ మొండికేస్తే ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, చాలు. కొత్త పెన్నును కూడా ఒకసారి ఇలా కడిగాకే ఇంకు పొయ్యండి. తయారీలో అంటిన నూనె జిడ్డు ఫీడ్‌లో ఉండిపోయి, కొత్తది రాయట్లేదని వచ్చేవాళ్లు చాలామందే. బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు మాత్రం ఎప్పటికీ పొయ్యకండి, అందులో లక్క ఉంటుంది, ఫీడ్‌లో గట్టిపడిపోతే నేనూ బతికించలేను. కామెల్, సులేఖ ఫౌంటెన్ పెన్ను ఇంకులు చాలు.

పిల్లల రాత బాగుపడుతుందని కొనే తల్లిదండ్రులకు: అదమకుండా రాయడం అలవాటవుతుంది, చెయ్యి నొప్పి తగ్గుతుంది. ముత్యాల్లాంటి అక్షరాలు సాధన చేస్తేనే వస్తాయి. స్కూలు నోటుబుక్కుల పల్చటి కాగితం మీద లావు పాళీ పెడితే ఇంకు పాకి వెనక్కి దిగుతుంది, వాడేమో పెన్నును తిట్టుకుంటాడు. సన్న పాళీ అడగండి, ప్రెపీలో అయితే 03 అనీ, మిగతావాటిలో ఫైన్ అనీ ఉంటుంది.