మోడళ్ల మీద పాత రంగు వదిలించడం: అపోహలు, వాస్తవాలు

"అన్నా, ఈ రంగు దేంతో పోతుంది?" అని ఫొటో పంపించేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: బొమ్మ దేంతో చేసింది? రంగు తీసే ద్రవాలకేం కొదవ లేదు. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మేచోట ఒకటి, హార్డ్‌వేర్ షాపులో నాలుగు, బాత్‌రూమ్ అరలో ఇంకో రెండు దొరుకుతాయి. అన్నీ రంగును తినేవే. రంగు అయిపోయాక కింద ఉన్నదాన్ని ఏది ముట్టుకోదో అదే చూసుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వార్‌హ్యామర్ (బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) సైన్యాల బొమ్మలు, ఎవరో చిన్నప్పుడు ఎనామెల్ (నూనె రకం రంగు) దట్టంగా పూసేసిన ఎయిర్‌ఫిక్స్ కిట్ విమానాలు, కొత్త రంగు కోసం విప్పిన హాట్‌వీల్స్ బొమ్మ కార్లు, నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఇవి. వీటి చుట్టూ తిరిగే నమ్మకాలు కొన్ని చూద్దాం.

అపోహ: మెటల్ గట్టిది, దేంట్లో ముంచినా ఏం కాదు. జాగ్రత్త పడాల్సింది ప్లాస్టిక్‌తోనే.

అసిటోన్ (నెయిల్ పాలిష్ తీయడానికి వాడే ఘాటైన ద్రావకం) వరకే ఈ మాట నిజం. కాస్టిక్ సోడా దగ్గరికొచ్చేసరికి కథ తలకిందులవుతుంది. సింకు పైపులు తెరవడానికి వాడే పొడుల్లోనూ, కొన్ని ఓవెన్ క్లీనర్లలోనూ ఉండేది కాస్టిక్ సోడానే. మోడల్ కిట్లలో వాడే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను అది కరిగించదు. డై-కాస్ట్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) కారును మాత్రం తినేస్తుంది. హాట్‌వీల్స్, మ్యాచ్‌బాక్స్ లాంటి కార్ల బాడీ ఇనుము కాదు, జమాక్ అనే జింక్ మిశ్రమం. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. జింకూ అల్యూమినియమూ రెండూ క్షారానికి లొంగే లోహాలే. నీళ్లలో కలిపిన కాస్టిక్‌లో కారు బాడీ వేస్తే బుడగలు లేస్తాయి చూడండి, అది హైడ్రోజన్. రంగు పోతున్నందుకు వచ్చే నురగ అనుకుని చాలామంది సంతోషిస్తారు. బయటికి తీసేసరికి మెరవాల్సిన లోహం నల్లబడి గరుకు తేలి, తలుపు గీతలు, బానెట్ అంచులు మొద్దుబారిపోయి ఉంటాయి.

1968లో మ్యాటెల్ తెచ్చిన మొదటి హాట్‌వీల్స్ కార్లకు స్పెక్ట్రాఫ్లేమ్ రంగు వేసేవాళ్లు. పాలిష్ చేసిన లోహం మీద పారదర్శకమైన రంగు, కింది మెరుపు పైకి కనబడటమే దాని అందం. ఆ తరహా ఫినిష్ మళ్లీ వేయాలనుకునేవాళ్లకు గరుకు తేలిన లోహం ఎందుకూ పనికిరాదు.

డై-కాస్ట్ బాడీకి నేను వాడేది అసిటోన్, లేదంటే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే జెల్ రకం పెయింట్ రిమూవర్. అదీ కింద రివెట్ డ్రిల్ చేసి అద్దాలు, సీట్లు, ప్లాస్టిక్ బేస్ అన్నీ విడదీశాకే. జెల్ కొనేటప్పుడు లేబుల్ చదవండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నదైతే ఇంట్లో తెరవకండి. ఆవిరి పీలిస్తే శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో పెయింట్ రిమూవర్‌గా దాన్ని మామూలు వినియోగదారులకు అమ్మకూడదని 2019లోనే నిషేధించారు.

అపోహ: ప్లాస్టిక్ మోడల్‌ను థిన్నర్‌లో ఒక్క క్షణం ముంచి తీస్తే రంగే పోతుంది, ప్లాస్టిక్‌కు తెలిసేలోపే అయిపోతుంది.

థర్మాకోల్ ముక్క మీద రెండు చుక్కల థిన్నర్ వేసి చూడండి. ఎయిర్‌ఫిక్స్, టమియా, గేమ్స్ వర్క్‌షాప్ కిట్లలో ఎక్కువ భాగం ఆ థర్మాకోల్ జాతి పాలీస్టైరీనే. అదీ ఇదీ వేరు కాదు, థర్మాకోల్‌లో గాలి నింపారు, కిట్‌లో గట్టిగా పోశారు, అంతే. గట్టిగా ఉంటుంది కాబట్టి కుప్పకూలదు గానీ పైపొర వెంటనే మెత్తబడుతుంది. ఆ స్థితిలో బ్రష్ పెట్టారా, ముఖంలో ముక్కూ కళ్లూ చెరిగిపోతాయి. అసలు ఈ కిట్ల ముక్కలు అతికించే సిమెంట్ కూడా ఇలాంటి ద్రావకమే, ప్లాస్టిక్‌ను కరిగించే అతుకు వేస్తుంది.

దీనికి తమ్ముడు లాంటి అపోహ ఇంకోటుంది, అసిటోన్ లేని నెయిల్ పాలిష్ రిమూవర్ సురక్షితమని. సీసా మీద అసిటోన్ లేదని రాసి ఉంటే సాధారణంగా లోపల ఉండేది ఇథైల్ అసిటేట్. అది గోళ్లకు మెత్తనేమో గానీ పాలీస్టైరీన్‌ను చక్కగా కరిగిస్తుంది. బ్యాండాయ్ గండమ్ రోబో కిట్లలో వాడే ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ ముక్కలదీ ఇదే గతి. ఆ కిట్లలో ముక్కలు అతుక్కుని వచ్చే ఫ్రేమ్ మీద పీఎస్ (పాలీస్టైరీన్) అనో ఏబీఎస్ అనో అచ్చు వేసి ఉంటుంది, పారేయకముందే చూసి పెట్టుకోండి.

గుర్తు తెలియని బొమ్మ చేతికొస్తే అడుగుభాగంలో కనబడని చోట కత్తితో కొంచెం గీకుతాను. తళుక్కుమంటే మెటల్. చిన్న చిన్న సుడులుగా లేస్తే పాలీస్టైరీన్. పిండిలా రాలితే రెజిన్ (ద్రవంగా ఉన్నప్పుడు మలిచి గట్టిపరిచే ప్లాస్టిక్). వేలితో వంచితే వంగి వెనక్కొచ్చే మెత్తటి బొమ్మలు, ముఖ్యంగా బోర్డ్ గేమ్ డబ్బాల్లో వచ్చేవి, పీవీసీ కావచ్చు. వార్‌హ్యామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ 2011లో ఫైన్‌కాస్ట్ పేరుతో చాలా మెటల్ బొమ్మల్ని రెజిన్‌లోకి మార్చింది. అదే బొమ్మ రెండు పదార్థాల్లో తిరుగుతోందన్నమాట. ఫొటో చూసి చెప్పమంటే నేను చెప్పను.

అపోహ: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సేఫ్. ఎంత నానితే అంత మంచిది.

ప్లాస్టిక్ మీద యాక్రిలిక్ రంగుకు నా మొదటి ఎంపిక ఇదే. మనవాళ్లందరూ ఐపీఏ అనే పిలుస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులు తుడిచే ద్రవం అని అడిగినా ఇస్తారు. 99 శాతంది తీసుకోండి. 70 శాతంది పని చేయదని కాదు, నత్తనడక.

మూత ఉన్న గాజు సీసాలో బొమ్మ మునిగేలా పోసి వదిలేయాలి. మొదట ఏమీ జరగదు. తర్వాత భుజాలు, హెల్మెట్ లాంటి నునుపు చోట్ల రంగు కాగి చల్లారిన పాల మీద మీగడలా ముడత పడి లేస్తుంది. అది చూసి ఆత్రపడి తీసేస్తే కవచం సందుల్లో, గొలుసు అల్లికలో రంగు అలాగే పట్టుకుని ఉంటుంది. ఇంకొంచెంసేపు ఆగి, మెత్తటి టూత్‌బ్రష్‌ను అదే ఐపీఏలో ముంచుతూ రుద్దాలి. ఒడ్డుకు తీసి ఆరనిస్తే మెత్తబడ్డ రంగు మళ్లీ అంటుకుపోతుంది, అందుకే తడి మీదే పని పూర్తి చేయాలి. సందుల్లోకి సూది వద్దు, గీత పడుతుంది. పుల్ల చెక్కి వాడండి.

ఇక ఎంత నానితే అంత మంచిదన్న మాట. పాలీస్టైరీన్ ఒక రాత్రి తట్టుకుంటుంది. రెజిన్ అలా కాదు. త్రీడీ ప్రింట్ రెజిన్ బొమ్మ ఎక్కువసేపు నానితే ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పగుళ్లు తేలుతుంది. కాబట్టి రెజిన్‌ను నిమిషాల లెక్కన మధ్యమధ్య తీసి చూస్తూ ఉండాలి. విమానం కానపీ (పైలట్ మీది అద్దం మూత) లాంటి పారదర్శక ముక్కలు అసలు ముంచకండి, వెంట్రుక గీతలు పడతాయి. బిగింపుగా ఉండే కీళ్లున్న కిట్లు విడదీశాకే ముంచాలి.

బాగా ముదిరిన ఎనామెల్‌కు ఐపీఏ పెద్దగా లొంగదు. రంగు కదలకపోతే నానబెట్టే సమయం పెంచడం కాదు, ద్రవం మార్చాలి. చిత్రంగా ప్లాస్టిక్ మీది మొండి ఎనామెల్‌కు పనికొచ్చేది పైన నేను తిట్టిన కాస్టిక్కే. పలచగా కలిపి, కళ్లద్దాలూ గ్లవ్సూ వేసుకుని, బొమ్మలో ఎక్కడా మెటల్ ముక్క లేదని చూసుకుని వాడాలి. కార్ కిట్లలో క్రోమ్ పూత ఉన్న ముక్కలుంటే ఆ పూత కూడా పోతుంది. క్రోమ్ తీసేయాలనుకునేవాళ్లకు అది వరమే అనుకోండి.

సేఫ్ అన్న మాటకొస్తే, ఐపీఏ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) సుమారు 12 డిగ్రీల సెల్సియస్. అంటే మన ఊళ్లలో సంక్రాంతి చలిలో కూడా గదిలో మూత తీసిన సీసా పైన ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. వంటింట్లో వద్దు, పూజ గదికి దగ్గర్లో వద్దు, అల్ట్రాసోనిక్ క్లీనర్ (ధ్వని తరంగాలతో వస్తువులు శుభ్రం చేసే యంత్రం) తొట్టెలో నేరుగా పోయడం అసలే వద్దు. గ్లవ్స్ విషయం ఒకటి: నీలం నైట్రైల్ గ్లవ్స్ ఐపీఏకు బాగానే ఆగుతాయి, అసిటోన్ తగిలితే కాసేపట్లో మెత్తబడి చిరుగుతాయి.

అపోహ: డెట్టాల్ అయితే ఇంట్లో మందే కదా, రాత్రంతా నానేసి పొద్దున కుళాయి కింద కడిగేయొచ్చు.

బ్రిటన్ మోడలర్లకు ఇది పాత అలవాటు. పని చేస్తుంది కూడా, ప్లాస్టిక్, మెటల్ రెండింటి మీదా. తప్పంతా ఆ కుళాయిలో ఉంది. డెట్టాల్ నీళ్లలో పడగానే తెల్లగా పాలలా విరుగుతుంది కదా. రంగు కరిగి ఉన్న డెట్టాల్‌కు నీళ్లు తగిలితే అదంతా తారు లాంటి జిగురై సందుల్లోకి దిగుతుంది. మొదట డెట్టాల్‌లోనే ముంచిన బ్రష్‌తో మొత్తం రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత నీళ్లు కలపని గిన్నెల సబ్బుతో రుద్ది, అప్పుడు నీళ్లు పోయాలి. వాసన రెండు రోజులు ఇంట్లో ఉంటుంది, ఇంట్లోవాళ్ల మాటలూ ఉంటాయి. పిల్లులున్న ఇంట్లో మాత్రం ఈ పద్ధతి వద్దు. అందులోని క్లోరోక్సిలెనాల్ పిల్లులకు విషం.

అపోహ: బ్రేక్ ఆయిల్ ఏదైనా సరే పనిచేస్తుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ అని రకం రాసి ఉంటుంది. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ ఈథర్ రకాలు, రంగు తీస్తాయి. డాట్ 5 సిలికాన్, అందులో నెలరోజులుంచినా రంగు కదలదు, పైగా ఆ జిడ్డు మీద కొత్త ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కూడా పట్టదు. మొదటి రకాన్నైనా నేను వాడను. కడగడం నరకం, పారబోయడం ఇంకో నరకం, ఐపీఏ దొరికే కాలంలో దాంతో పనేముంది?

అపోహ: మరిగే నీళ్లు పోస్తే రంగు త్వరగా వదులుతుంది.

కత్తులు, ఈటెలు వంగుతాయి. రెజిన్ ఇంకా త్వరగా.

అపోహ: పాత సీసం బొమ్మల మీద రంగు గీకేసి, వెనిగర్‌తో కడిగితే తళతళలాడతాయి.

ఇది ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. 1990ల మధ్య దాకా వచ్చిన మెటల్ మినియేచర్లలో చాలావాటిలో సీసం ఉంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం సీసంతో కలిస్తే లెడ్ అసిటేట్ తయారవుతుంది, అది నీళ్లలో కరిగే విషం. చెక్క బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న సీసం బొమ్మల మీద తెల్లటి పొడి కనబడుతుంది. చెక్క నుంచి వచ్చే ఆమ్ల ఆవిర్లే దానికి మూలం. ఆ పొడిని నోటితో ఊదకండి.

పాత రంగులో కూడా సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాల్లోని రంగుతో ఇంట్లో పూసిన బొమ్మలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి పొడిగా శాండ్‌పేపర్ పెట్టడం వద్దు. తడి మీదే రుద్దాలి, ఆ బ్రష్‌కు గుర్తు పెట్టి పక్కన పడేయాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. సీసం బొమ్మకు నేను వాడేది అసిటోనే. అతుకులు సూపర్ గ్లూతో వేసి ఉంటే అవి కూడా ఊడిపోతాయి, ముక్కలు లెక్క చూసుకోండి.

అపోహ: కింది పదార్థం పూర్తిగా బయటపడే దాకా తీస్తేనే తీసినట్టు.

ప్లాస్టిక్‌లోకి ఎరుపో నీలమో ఇంకి మరకగా మిగులుతుంది. మరకకు మందం లేదు, పైన ప్రైమర్ పడితే కనబడదు. సందుల్లో గట్టిగా పట్టుకున్న పాత ప్రైమర్ కూడా అంతే. గోరుకు తగలని రంగు కోసం ఇంకో రాత్రి నానబెట్టి బొమ్మను పాడుచేసుకోవడం నాకైతే అర్థం కాదు.

అపోహ: పాత డై-కాస్ట్ కారుకు కొత్త రంగేస్తే విలువ పెరుగుతుంది.

సేకరించేవాళ్లు వెతికేది ఫ్యాక్టరీ రంగునే, చెక్కులు లేచినా సరే. ఇంకోటి, 1930ల నాటి డింకీ కంపెనీ బొమ్మ కార్లలో మలినాలు కలిసిన జింక్ లోపల్నుంచే పగిలిపోయే జబ్బు ఉంటుంది. రంగు పొర కింద ఆ పగుళ్లుంటే, రంగు తీసేసరికి కారు ముక్కలుగా చేతికొస్తుంది. రంగు ఉబ్బి సన్నటి చీలికలు కనబడితే ముట్టుకోకండి.

అపోహ: వాడేసిన ద్రవం సింకులో పోసి నీళ్లు వదిలితే చాలు.

ఐపీఏ అయితే అసలు పారేయనక్కర్లేదు. సీసాలో కదపకుండా ఉంచితే రంగు అడుక్కి చేరుతుంది. పైది పాత నూలుగుడ్డలో వడకడితే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అడుగున మిగిలిన ముద్దను మేడ మీద, నిప్పుకు దూరంగా, న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టి గట్టిపడ్డాక పొడి చెత్తలో వేయండి. సీసం బొమ్మలు కడిగిన ముద్ద మాత్రం ఇందులో కలపొద్దు, మూత బిగించిన డబ్బాలో విడిగా ఉంచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.