లీగ్ ముగిస్తే మీ క్యారెక్టర్ చెరిగిపోదు: పాత్ ఆఫ్ ఎగ్జైల్ అపోహలు - వాస్తవాలు

పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే ఆన్‌లైన్ యాక్షన్ ఆర్‌పీజీ గేమ్‌లో కొన్ని నెలలకోసారి అందరూ మొదటి నుంచి మొదలుపెట్టే కొత్త విడతను లీగ్ అంటారు. కొత్త లీగ్ తేదీ ప్రకటించడమే ఆలస్యం, ఒకే ప్రశ్న పదిమంది నోట పది రకాలుగా వస్తుంది. "నాలుగు నెలలు కష్టపడి పెంచింది చివర్లో చెరిపేస్తారంట కదా, మరి ఎందుకు ఆడాలి?" ఈ ఒక్క పుకారు వల్ల ఆటే మానేసినవాళ్లున్నారు. చివరి వారంలో తమ గేరంతా (ఆయుధాలు, కవచాలు) ఎవరికో ఊరికే ఇచ్చేసినవాళ్లున్నారు. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చూద్దాం.

అపోహ: లీగ్ అయిపోతే క్యారెక్టర్, ఐటమ్స్ అన్నీ డిలీట్ అవుతాయి.

అవ్వవు. 2013 అక్టోబరులో గేమ్ పూర్తిస్థాయిలో విడుదలైనప్పటి నుంచీ పద్ధతి ఇదే: ప్రతి ఛాలెంజ్ లీగ్‌కీ (కొన్ని నెలలే నడిచే లీగ్‌కి) ఎప్పటికీ ఉండే ఒక మాతృ లీగ్ ఉంటుంది. మామూలు లీగ్ ముగిస్తే అందులోని క్యారెక్టర్లు స్టాండర్డ్‌కి వెళ్తాయి. ఒక్కసారి చస్తే బయటికి పంపేసే హార్డ్‌కోర్ లీగ్‌లో బతికున్నవి హార్డ్‌కోర్‌కి వెళ్తాయి. లెవెల్ తగ్గదు, ఒంటి మీది గేర్ పోదు, పేరు మారదు. మీరు చేయాల్సిన పనేమీ లేదు, మార్పిడి దానంతటదే జరుగుతుంది.

స్టాష్ (ఐటమ్స్ దాచుకునే పెట్టె) కూడా వస్తుంది, కాకపోతే రూపం మారుతుంది. స్టాండర్డ్‌లో స్టాష్ తెరిస్తే లీగ్‌లోని మీ ట్యాబ్‌లు (స్టాష్‌లోని అరలు) పాత పేర్లతోనే కనిపిస్తాయి, పేరు చివర రిమూవ్-ఓన్లీ అని ఉంటుంది. అంటే తీసుకోవచ్చు, పెట్టలేరు. పొరపాటున బయటికి తీసిన ఐటమ్‌ని తిరిగి అందులోనే పెడదామంటే ఒప్పుకోదు. దీన్ని చూసే చాలామంది "నా ట్యాబ్ పాడైంది" అని కంగారు పడతారు. పాడవలేదు, అది అలాగే పనిచేస్తుంది. ఖాళీ చేస్తే ఆ ట్యాబ్ మాయమవుతుంది.

ఖాళీ చేయడానికి కాస్త ఓపిక కావాలి. కంట్రోల్ కీ పట్టుకుని క్లిక్ చేస్తే ఐటమ్ ఇన్వెంటరీలోకి (క్యారెక్టర్ మోసే సంచిలోకి) వస్తుంది, కానీ ఇన్వెంటరీలో ఉండేవి 60 గళ్లే. మామూలు ట్యాబ్‌లో 144 గళ్లు. నిండా ఉంటే కనీసం మూడు విడతలు. క్వాడ్ ట్యాబ్ అయితే 576 గళ్లు, అంటే పది విడతలు. లీగ్ చివర్లో పనికిరాని రేర్ ఐటమ్స్‌ని వెండార్‌కి (ఆటలోని వ్యాపారికి) అమ్మేసి, దాచుకోదగ్గవన్నీ రెండు మూడు ట్యాబ్‌లలోకి సర్దుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. గేర్ పంచిపెట్టడం కన్నా అరగంట సర్దుకోవడం మేలు.

ఇందులో ఒక్కమాట మాత్రం నిజం: ఇది ఒకవైపు దారి. స్టాండర్డ్‌కి వెళ్లిన ఐటమ్‌ని తర్వాతి లీగ్‌లోకి తెచ్చుకునే మార్గం లేదు. కొత్త లీగ్‌లో అందరూ మొదటి అంకం సముద్రపు ఒడ్డు నుంచే, ఖాళీ స్టాష్‌తోనే మొదలుపెట్టాలి. పుకారు పుట్టింది ఇక్కడే. "కొత్తగా మొదలుపెట్టాలి" అన్నది నోరు మారి "పాతది పోతుంది" అయింది.

అపోహ: అందుకే కొత్తవాళ్లు స్టాండర్డ్‌లో మొదలుపెట్టడం క్షేమం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు లీగ్ ఎంచుకోమంటుంది. ప్రస్తుత లీగ్ పేరు ఉంటుంది, స్టాండర్డ్ ఉంటుంది. భయపడినవాళ్లు స్టాండర్డ్ నొక్కుతారు. అక్కడ వాళ్లు బేరాలాడాల్సింది పదేళ్లకు పైగా సరుకు పోగేసుకున్నవాళ్లతో. మీకు దొరికే చిన్నా చితకా ఐటమ్స్ వాళ్లకు అక్కర్లేదు. మీకు కావాల్సిన గేర్ ధర మీకు అందదు. పైగా ఆ లీగ్ కోసం తెచ్చిన కొత్త మెకానిక్ (ఆటలో కొత్త అంశం) మామూలుగా స్టాండర్డ్‌లో ఉండదు. మీ లెవెల్‌లో ఆడేవాళ్లూ తక్కువే.

లీగ్‌లో మొదటి వారం అందరూ పేదవాళ్లే. రెసిస్టెన్స్‌లు (దెబ్బను తగ్గించే రక్షణ శాతాలు) బాగున్న మామూలు రేర్ బూట్లకు కూడా కొనేవాడుంటాడు. అమ్మడం, కొనడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఎలాగూ లీగ్ ముగిశాక ఆ క్యారెక్టర్ స్టాండర్డ్‌కే చేరుతుంది కాబట్టి లీగ్‌లో మొదలుపెట్టడం వల్ల పోయేదేమీ లేదు. స్టాండర్డ్‌లో మొదలుపెట్టి ఆ తర్వాత లీగ్‌కి రావాలంటే మాత్రం పది అంకాలూ మళ్లీ మొదటి నుంచి. కొత్తవాళ్లకు దానికే పాతిక ముప్ఫై గంటలు పట్టొచ్చు.

అపోహ: డబ్బు పెట్టి కొన్న స్టాష్ ట్యాబ్‌లు లీగ్‌తో పాటే పోతాయి.

డబ్బుతో ముడిపడింది కాబట్టి ఈ భయం సహజమే. కానీ కొన్న ట్యాబ్‌లు అకౌంట్‌వి, లీగ్‌వి కావు. ప్రతి కొత్త లీగ్‌లో అదే సంఖ్యలో ఖాళీగా ప్రత్యక్షమవుతాయి. ఉచితంగా వచ్చే 4 ట్యాబ్‌లూ అంతే. స్టాండర్డ్‌లో మీ సొంత ట్యాబ్‌లు ఎప్పటిలాగే ఉంటాయి, రిమూవ్-ఓన్లీవి అదనంగా వచ్చి చేరతాయి. పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2లోనూ అవే ట్యాబ్‌లు వాడుకోవచ్చు, ఐటమ్స్ మాత్రం ఒక ఆట నుంచి ఇంకో ఆటకు రావు. ఇంకో మాట: ట్యాబ్‌లు తరచూ తగ్గింపు ధరకు వస్తుంటాయి, కాబట్టి లీగ్ మొదటి రోజే పూర్తి ధర పెట్టి కొనాల్సిన పని లేదు.

క్యారెక్టర్ స్లాట్ల సంగతి వేరు. అవి అన్ని లీగ్‌లకూ కలిపి ఉచితంగా 24. లీగ్‌కి రెండు మూడు చొప్పున చేసుకుంటూ పోతే నిండిపోతాయి. పాతదాన్ని తీసేసే ముందు దాని ఒంటి మీది గేర్, ఇన్వెంటరీలోవి, సాకెట్‌లలోని జెమ్స్ (స్కిల్స్ ఇచ్చే రాళ్లు) అన్నీ స్టాష్‌లోకి మార్చుకోండి. క్యారెక్టర్‌ని డిలీట్ చేస్తే దాని మీద ఉన్నవన్నీ దానితోనే పోతాయి. నిజంగా ఐటమ్స్ పోగొట్టుకునేది ఇలా.

అపోహ: మ్యాప్స్‌కి (కథ ముగిశాక ఆడే భాగానికి) రాగానే లీగ్ కష్టం కావాలని పెంచేస్తారు.

"నిన్నటిదాకా బాగా ఆడిన బిల్డ్ (క్యారెక్టర్ అమరిక) ఇవాళ ఒక్క దెబ్బకు చస్తోంది, ఈ లీగే చెడ్డది" అనే ఫిర్యాదు ప్రతిసారీ వస్తుంది. లీగ్‌ని అనాల్సిన పని లేదు. ఐదో అంకం చివర కితావా అనే బాస్‌ను చంపగానే ఎలిమెంటల్ (నిప్పు, చలి, మెరుపు), కేయాస్ రెసిస్టెన్స్‌లన్నీ శాశ్వతంగా 30% తగ్గుతాయి. పదో అంకం చివర కితావాను మళ్లీ చంపాక ఇంకో 30%. మొత్తం 60%. మామూలు గరిష్ఠ పరిమితి 75%. అంటే నిప్పు, చలి, మెరుపు మూడింటికీ గేర్ నుంచి, పాసివ్ చెట్టు (పాయింట్లతో బలాలు ఎంచుకునే పటం) నుంచి కలిపి ఒక్కోదానికి 135% ఉంటేనే మ్యాప్స్‌లో 75% నిలుస్తుంది.

పదో అంకం ముగించే ముందే క్యారెక్టర్ షీట్ తెరిచి మూడూ చూసుకోండి. ఉన్నదాంట్లోంచి 30 తీసేసి లెక్క వేసుకోండి. తక్కువ పడితే ఉంగరాలు, బెల్టు, బూట్లు మార్చడం అన్నిటికన్నా చవక. క్రాఫ్టింగ్ బెంచ్‌లో ఒక రెసిస్టెన్స్ వేయడానికి ఖాళీ మోడిఫయర్ ఉన్న ఐటమ్ కొనుక్కుంటే ఇంకా మంచిది. ఇది చూసుకోకుండా మ్యాప్స్‌లోకి వెళ్తే చావుకు ఆ లెవెల్ అనుభవంలో 10% చొప్పున పోతుంది. లెవెల్ మాత్రం తగ్గదు. ఆరు నుంచి పది అంకాల్లో పోయేది 5%, మొదటి ఐదింట్లో ఏమీ పోదు.

అపోహ: నెర్ఫ్‌లు (బలం తగ్గించే మార్పులు) లీగ్‌కే, స్టాండర్డ్ క్యారెక్టర్ క్షేమం.

ప్యాచ్ అన్ని లీగ్‌లకూ ఒకేసారి వస్తుంది. స్కిల్ జెమ్‌ల మార్పులు, పాసివ్ చెట్టు మార్పులు స్టాండర్డ్‌లోనూ అదే రోజు అమలవుతాయి. చెట్టు బాగా మారితే పాత క్యారెక్టర్లకు ఉచిత రీసెట్ ఇస్తారు.

స్టాండర్డ్‌లో మారకుండా నిలిచేవి లెగసీ ఐటమ్స్, అంటే మార్పుకు ముందటి విలువలతో మిగిలిన పాతవి. ఇక్కడ చేసే ఒక తప్పుకు మందు లేదు. పాత కావోమ్స్ హార్ట్ కవచం లైఫ్‌ని 1000 పెంచేది, ఇప్పటిది 500 పెంచుతుంది. పాతది చేతిలో ఉందని దాని మీద డివైన్ ఆర్బ్ (ఐటమ్ విలువలను మళ్లీ వేసే కరెన్సీ) వాడారనుకోండి, విలువలు ఇప్పటి లెక్కకు మారిపోతాయి. 1000 కాస్తా 500 అవుతుంది, వెనక్కి తెచ్చుకోలేరు. పాత యూనిక్‌ల (సొంత పేరున్న ప్రత్యేక ఐటమ్స్) మీద డివైన్ వాడే ముందు అది లెగసీయో కాదో చూసుకోండి.

మిగతావి గబగబా.

లీగ్ మొదటి వారంలో డ్రాప్‌లు పెంచుతారన్నది అబద్ధం. మారేది ధరలు. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. వారాలు గడిచేకొద్దీ కేయాస్ ఆర్బ్‌లలో (ఆటలోని చిల్లర కరెన్సీలో) డివైన్ ధర సాధారణంగా పెరుగుతూ పోతుంది. కాబట్టి కేయాస్‌లు గుట్టగా దాచుకోవద్దు, గేర్ కొనండి లేదా డివైన్‌గా మార్చుకోండి. పాత గైడ్‌లలో ధరలన్నీ ఎగ్జాల్టెడ్ ఆర్బ్‌లలో కనిపిస్తే అవి 2022 ఆగస్టు ముందువి. అప్పుడొచ్చిన 3.19 ప్యాచ్‌తో ఖరీదైన బెంచ్ క్రాఫ్ట్‌లు డివైన్‌కి మారాయి, దాంతో పెద్దనోటు డివైన్ అయింది.

హార్డ్‌కోర్‌లో చస్తే క్యారెక్టర్ డిలీట్ కాదు, ఒంటి మీదున్న వాటితో స్టాండర్డ్‌కి వెళ్తుంది. స్టాష్ మాత్రం హార్డ్‌కోర్‌లోనే ఉంటుంది. సోలో సెల్ఫ్-ఫౌండ్ (ఎవరితోనూ కొనకుండా, అమ్మకుండా ఒంటరిగా ఆడే) క్యారెక్టర్‌ని ట్రేడ్ లీగ్‌కి మార్చుకోవచ్చు, తిరిగి రాలేరు.

"అందరూ రూపాయలిచ్చి కరెన్సీ కొంటారు, ఏం కాదు" అన్న మాట నమ్మొద్దు. నిబంధనలకు విరుద్ధం, అకౌంటే పోతుంది. కొన్న ట్యాబ్‌లూ దానితోనే పోతాయి.

లీగ్ ఖచ్చితంగా మూడు నెలలే అన్నదీ నిజం కాదు. మూడు నాలుగు నెలలు మామూలే, కానీ 2024 జూలై 26న మొదలైన సెట్లర్స్ ఆఫ్ కల్గూర్ తర్వాత కొత్త ప్రధాన లీగ్ 2025 జూన్ 13న గానీ రాలేదు. మధ్యలో పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2 పని అడ్డొచ్చింది. ముగింపు తేదీ ముందే ప్రకటిస్తారు, దాన్నే నమ్మండి.

ఇక మొదటి రోజు ఆందోళన గురించి. ఇటీవలి లీగ్‌లు ఎక్కువగా అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు తెరుచుకున్నాయి. అక్కడ వేసవి సమయం నడుస్తుంటే మనకది తెల్లవారితే శనివారం, అర్ధరాత్రి దాటి 1:30. ఆ గంటలో లాగిన్ క్యూ ఉంటుంది, సర్వర్ తడబడుతుంది. మధ్యలో డిస్‌కనెక్ట్ అయితే మళ్లీ క్యూలో నిలబడాలి. ప్యాచ్ డౌన్‌లోడ్ అవ్వనిచ్చి, లూట్ ఫిల్టర్ (పనికిరాని డ్రాప్‌లను దాచేది) పెట్టుకుని పడుకోండి. పొద్దున ఆరింటికి లేచి మొదలుపెట్టినా మీ బూట్లు కొనేవాళ్లు ఇంకా రెండో అంకంలోనో మూడో అంకంలోనో ఉంటారు.